మా వదిన ఓడ దిగిన తీరు

మా వదిన పోయిన సంగతి నాకంటే ముందు జాలరిపేటలో చేపలమ్మే మనిషికి తెలిసింది. అది నాకు ఇప్పటికీ మింగుడుపడలేదు. పత్రికలో పనిచేసేవాణ్ని. ఊళ్లో ఏ కబురైనా నా బల్ల దాటాకే నలుగురికీ తెలుస్తుందన్న ధీమా ఉండేది. ఆ రోజు పొద్దున్న పోర్టు గేటు దగ్గర టీ తాగుతుంటే ఆమె గంప దించి నా ముందు నిలబడింది.

"బాబూ, ఇక్కడున్నావేటి? ఇంకా ఎల్లనేదా?"

"ఎక్కడికి?"

"ఓలమ్మా, నీకు తెల్దా? మీ వదినమ్మ ఎల్లిపోనాదట. తెల్లారగట్ల. ఉక్కునగరం బస్సు డ్రైవరు సెప్పినాడు."

ఆమె మా వదినకు ఏళ్ల తరబడి చేపలు ఇచ్చింది. మా అన్నయ్య పోర్టులో క్రేన్ ఆపరేటర్‌గా ఉన్నప్పుడు పోర్టు క్వార్టర్స్‌కి వచ్చేది. తర్వాత ఆయన ఉక్కు కర్మాగారానికి మారి ఉక్కునగరంలో కాపురం పెడితే, ఆదివారాలు బస్సెక్కి అక్కడికీ వెళ్లేది. అంత దూరం చేపలు అమ్ముకోవడానికి వెళ్తుందని నేననుకునేవాణ్ని. మా వదినతో కూర్చోవడానికి వెళ్లేదని ఆ రోజు ఆమె ఏడుపు చూశాక తెలిసింది.

అన్నయ్య మా ఆఫీసుకి ఫోన్ చేశాడట. నేను అప్పటికే పోర్టుకి బయల్దేరాను. అలా ఆ వార్త నాకు అందరి తర్వాత అందింది.

ఉక్కునగరంలో ఇంటి ముందు జనం ఉన్నారు. షిఫ్టు దిగి బట్టలు మార్చుకోకుండా వచ్చినవాళ్లు, పక్క సెక్టార్ ఆడవాళ్లు. నిద్రలో గుండె ఆగిందని డాక్టరు చెప్పాడు. వచ్చిన ప్రతి మనిషి దగ్గరా మా వదిన చెప్పిన మాట ఒకటి ఉంది. ఒకామె తన నడుం నొప్పికి వదిన నేర్పిన కాపడం గురించి చెప్పింది. ఒకాయన తన తల్లిని రైల్లో కాశీ తీసుకెళ్లేముందు వదిన దగ్గరకొచ్చి ఏ బెర్త్ అడగాలో కనుక్కున్నానన్నాడు. ఆ మాటలన్నీ నాకు కొత్త. నాకు తెలియని వదిన ఇంతమంది దగ్గర ఉంది. ఒక్కొక్కరూ చెబుతుంటే నాకు దుఃఖం కంటే ముందు అసూయే కలిగింది. ఆ మాట దాచి ఈ నాలుగు ముక్కలు రాయలేను.

ఈ పత్రికలో ఓడల రాకపోకల వార్తలు చదివే పాఠకులకు నా పేరు తెలిసే ఉంటుంది. ఏ ఓడని ఏ బెర్త్‌లో కట్టారు, ఏం దించారు, ఎప్పుడు కదిలింది అన్నదే నా పని. ఇప్పుడు రాసేది ఓడ ఎక్కిన ఒక మనిషి గురించి. ఈ విషయంలో కూడా చూసిందే రాస్తాను.

వదినకు రెండో కాన్పు తర్వాత కీళ్ల నొప్పులు మొదలయ్యాయి. ముందు వేళ్లు, తర్వాత మోకాళ్లు, మడమలు. డాక్టరు కీళ్లవాతం అన్నాడు. మందులతో అణుగుతుంది గానీ పూర్తిగా పోదు, ఉంటుంది అని చెప్పడానికి ఆయన మొహమాటపడ్డాడు. వదిన పడలేదు.

"ఉంటాదంటే ఉండనీండి డాట్రుగారూ. మరి నానెలగుండాలో సెప్పండి" అంది.

ఎలా ఉండాలో తనే కనిపెట్టుకుంది. పొద్దున్న లేవగానే మంచం అంచున కూర్చుని పిడికిళ్లు మెల్లగా తెరిచి మూసేది. అవి పూర్తిగా తెరుచుకునేదాకా ఎవరు పిలిచినా లేచేది కాదు. కత్తిపీట అటకెక్కించి, బల్ల ముందు కుర్చీ వేసుకుని చాకుతో కూరలు తరిగేది. ఇంటికొచ్చిన పెద్దవాళ్లకు అది వింతగా ఉండేది. పని మధ్యలో, ఒంట్లో బాగానే ఉన్నప్పుడు, ఉన్నట్టుండి వెళ్లి కూర్చునేది. ఎందుకని ఒకసారి అడిగాను.

"నొప్పొచ్చాక కూకుంటే నొప్పి కూకోబెట్టినట్టు. రాకముందే కూకుంటే నాను కూకున్నట్టు."

నాకు ఏ జబ్బూ లేదు. అయినా సాయంత్రానికి నా ముఖం వాడి ఉండేది, ఆమె ముఖం తేటగా ఉండేది. ఆ లెక్క నాకు అందేది కాదు.

ఆమెకు ఒక్కతే చెల్లెలు. తల్లి చిన్నప్పుడే పోతే వదినే పెంచింది. ఆ అమ్మాయి పెళ్లయ్యాక భర్తతో పోర్ట్ బ్లెయిర్ వెళ్లిపోయింది. అక్కడ అతనికి కలప మిల్లులో పని. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి అప్పట్లో చాలామంది అలా అండమాన్ వెళ్లి స్థిరపడ్డారు. విశాఖ నుంచి ప్రయాణికుల ఓడ నెలల ఎడంతో ఉండేది. డెబ్బయ్యో దశకం చివర్లో ఆ చెల్లెలి నుంచి ఉత్తరం వచ్చింది. పెళ్లయిన చాలా ఏళ్లకు నెల తప్పింది, ఇప్పుడు ఏడో నెల. కాన్పుకు ఇక్కడికి వచ్చే వీలు లేదు. "పురుటికి నువ్వుంటే చాలు అప్పా" అని రాసింది. మా వైపు అక్కని అప్ప అంటారు.

వదిన వెళ్తానని ఆ సాయంత్రమే అంది. అన్నయ్య వద్దన్నాడు. నేను అక్కడే ఉన్నాను.

"దానికి నువ్వు పురుడు పోస్తావా, నీకది సాకిరీ సేస్తాదా? నిండు సూలాలు. నిన్నెత్తుకుని తిరగాలా అది?"

"నన్నెవరూ ఎత్తక్కర్నేదు."

"ఓడ నిచ్చెన సూసినావా ఎప్పుడైనా? నాను రోజూ సూత్తన్నాను. మనకు మెట్లెక్కడమే రాదు."

"ఎక్కడం వొచ్చు. ఏగిరమే రాదు."

అన్నయ్య నా వైపు తిరిగాడు. "ఒరే తమ్ముడా, నువ్వు కూడా ఎల్లు. పేపరోడివి, సూసింది సూసినట్టు సెప్తావు. దీని మాట నాను నమ్మను, నవ్వీసి దాటీసుద్ది. అక్కడ ఓడ దిగేటప్పుడు దీన్ని ఎవరైనా ఎత్తి దించారంటే, అంతే. అదే ఓడలో ఎనక్కి తెచ్చీ. పురుడింట్లో ఇంకో రోగి ఉండకూడదు."

"ఎవరూ ఎత్తకపోతే?" అంది వదిన.

"ఒచ్చే ఓడ దాకా ఉండు. పురుడు పోసే రా."

"మాటేనా?"

"మాటే."

వదిన నా వైపు చూసింది. "ఇన్నావు గదా మరిదీ?"

విన్నాను. మా ఎడిటర్ గారు సెలవు ఇవ్వడమే కాక ప్రయాణం మీద ఒక వ్యాసం కూడా రాయమన్నారు. నాకు లోపల సంతోషమే. అన్నేళ్లుగా ఓడల గురించి రాస్తున్నాను. కట్టి ఉన్న ఓడల్లో అధికారులతో భోజనాలు చేశాను. కదిలే ఓడ మాత్రం ఎప్పుడూ ఎక్కలేదు. అయినా సముద్రం నా బీట్, వార్తల కోసం నాకు అప్పగించిన ఇలాకా, అనే అనుకునేవాణ్ని. ఒక సంచీ సర్దుకుని సిద్ధమయ్యాను.

వదిన సర్దుడు వేరు. పాత చీరలతో మందంగా బొంత కుట్టింది. అడుగున రబ్బరు ఉన్న చెప్పులు కొనుక్కుని వారం ముందు నుంచే ఇంట్లో తొడుక్కుని తిరిగింది. మాత్రలు పెట్టెలో పెట్టకుండా చిన్న గుడ్డసంచీలో వేసి నడుముకు కట్టుకుంది. పై బెర్త్ చువ్వకు ముడేసి పట్టుకుని లేవడానికి పొడుగాటి తువ్వాలు ఒకటి తీసుకుంది. జాలరిపేట మనిషిని కూడా సలహా అడిగింది. "నడిమిన కూకో అమ్మా. కొసల్లో ఎగరేసి కొడతాది" అని ఆమె చెబితే, నన్ను పంపించి ఓడ నడుమ భాగంలో కింది బెర్త్ ఇప్పించుకుంది. నాకు ఎక్కడైనా ఒకటే కదా అని నేను ముందు వైపు తీసుకున్నాను.

ఇంకొకటి ఉంది. రోజూ పొద్దున్న ఆమె మోకాళ్లకు కాపడం పెట్టుకోవాలి. ఇంట్లో అయితే ఉప్పు మూట. "సముద్రం మీద ఉప్పు నీరుగారిపోద్ది" అని, యారాడ తీరం నుంచి ఇసక తెప్పించి, జల్లించి, వేయించి, తెల్ల మల్లుగుడ్డలో మూట కట్టింది. చెమ్మ తగలకుండా ఆ మూటని కొత్త మట్టి ముంతలో పెట్టి మూతికి ఇంకో గుడ్డ కట్టింది. ఆ ముంత నా కళ్ల ముందే ఉంది. అది చూసేవాళ్లకు ఎలా కనబడుతుందో నాకు తట్టలేదు.

ప్రయాణానికి ముందురోజు రేవు పక్కనే వన్ టౌన్‌లో చుట్టాలింటికి వచ్చి, పిల్లల్ని వాళ్లకి అప్పగించి, రోజంతా పడుకుంది. "రేపు ప్రయానమంటే అందరూ ఇయ్యాల పరిగెడతారు. నాను ఇయ్యాల పడుకుంటాను" అంది. మర్నాడు రేవులో అందరూ తోసుకుంటూ నిచ్చెన ఎక్కుతుంటే తను పక్కన పెట్టె మీద కూర్చుంది. అందరూ ఎక్కాక, చివరి మనిషిగా, ఆగి ఆగి ఎక్కింది. కింద అన్నయ్య ఆమె వేసే ప్రతి అడుక్కీ తను కూడా కాలు కదపడం నేను పైనుంచి చూశాను.

ఓడ మధ్యాహ్నం కదిలింది. కాలువ దాటి, డాల్ఫిన్ నోస్ కొండ పక్కగా బయటికొచ్చింది. వదిన డెక్కు మీద కూర్చునే చోటు కోసం వెతికింది. కుర్చీలో ఒకసారి కూర్చుని లేచింది, తాళ్ల చుట్ట మీద కూర్చుని లేచింది. చివరికి లైఫ్ జాకెట్లు దాచే చెక్కపెట్టె ఆమె మోకాళ్ల ఎత్తుకి సరిపోయింది. దాని వెనక గోడ ఇంజను వేడికి వెచ్చగా ఉంది. బొంత పరిచి, ఆ గోడకి నడుం ఆనించి, కళ్లు మూసుకుని, "ఇదీ" అంది. అంతకంటే సుఖంగా కూర్చున్న మనిషిని నేను ఏ ఓడలోనూ చూడలేదు.

దారి చూపే పైలట్ లాంచీలోకి దిగి వెనక్కి వెళ్లిన కాసేపటికి నాకు కడుపులో తిప్పడం మొదలైంది. ముందు వైపు బెర్త్ అని చెప్పాను కదా. ఓడ ముక్కు లేచినప్పుడల్లా నేను లేస్తున్నాను, పడినప్పుడల్లా పడుతున్నాను. సాయంత్రానికి బకెట్ పక్కన పెట్టుకుని పడుకున్నాను. వదిన ఆ ఊగే నడవలో గోడ పట్టుకుని మెల్లగా వచ్చి నా బెర్త్ దగ్గర నిలబడింది.

"తిన్నావేటి మరిదీ?"

"తిండి మాటెత్తకు వదినా."

"ఇన్నేళ్లు ఓడలమీదే రాసినావు. ఊగుతాయని నీకెవుడూ సెప్పనేదా?"

నిమ్మకాయ ముక్క ఇచ్చి వాసన చూస్తూ ఉండమంది. నా బెర్త్ మార్చమని అక్కడున్న మనిషిని అడిగింది. అడగడంలో కూడా ఆమెకో పద్ధతి ఉండేది. సాయం చెయ్యండి అని అడిగేది కాదు. "ఆ సంచీ ఆ మూలకెట్టు నాయనా, ఈ దుప్పటి ఇటియ్యి" అనేది. అడిగించుకున్నవాడు పని అయిపోయాక తనే ఏదో గొప్ప చేసినట్టు వెళ్లేవాడు. నడుమ భాగంలో ఖాళీ లేదన్నారు. నేను ముందు వైపే ఉండిపోయాను.

మర్నాడు ఉదయం వదిన వచ్చి ఎగిరే చేపల్ని చూశానంది.

"ఎలా ఉన్నాయి? ఎన్ని?" అన్నాను. వ్యాసం రాయాలి కదా.

"నెక్కెట్టనేదు. సూసినాను."

"ఎంత దూరం ఎగిరాయి?"

"నువ్వు పైకొచ్చి సూడు. రానేకపోతే పడుకో. నా కళ్లు నీకెట్టమంటే ఎలగ?"

నేను పక్కకి తిరిగి పడుకున్నాను. అన్నేళ్లు రేవు మీద తిరిగిన నాకు ఎగిరే చేప ఒక్కటీ కనబడలేదు. మొదటిసారి ఓడ ఎక్కిన మనిషికి, పిడికిలి సరిగా ముడవలేని మనిషికి, గుంపుగా కనబడ్డాయి. కడుపులో తిప్పడానికి సగం కారణం సముద్రం. మిగతా సగం సముద్రం కాదు.

ఆ రోజే ముంత గొడవ వచ్చింది. మొదటి రోజు పొద్దున్న చుట్టాలింట్లో కాపడం అయ్యింది కాబట్టి ఇబ్బంది లేకపోయింది. రెండో రోజు ముంత పట్టుకుని ఓడ వంటగదికి వెళ్లి, మూట కాస్త వేడిచేసి ఇమ్మని అడిగింది. వంటాయన కాకినాడ వైపు మనిషి. ముంత చూడగానే రెండడుగులు వెనక్కి వేశాడట.

"అది నా పొయ్యి మీద పెట్టనండి. ఏమనుకోకండి. ఇంకేదైనా అడగండి, చేస్తాను."

ఎందుకో చెప్పలేదు. ఆమె కూడా రెట్టించలేదు. కానీ ఆ రోజు విచిత్రంగా గడిచిందట. నడవలో ఎదురొచ్చినవాళ్లు గోడకి అతుక్కుని దారి ఇచ్చారు. చెక్కపెట్టె మీద కూర్చోబోతే అక్కడున్న ముగ్గురూ లేచి వెళ్లిపోయారు. భోజనం వరసలో ఎవరో ముందుకు పంపించారు. ఇవన్నీ నొప్పుల మనిషినని చేస్తున్నారనుకుంది. కాపడం లేక మోకాళ్లు మాత్రం సాయంత్రానికి ఉబ్బాయి.

సాయంత్రం శ్రీకాకుళం వైపు ముసలాయన ఒకాయన దగ్గరకొచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నడిసముద్రంలో కలుపుతావా తల్లీ, ఒడ్డుకెల్లా?"

"ఏటి కలపడం?"

"అదే తల్లీ. అస్తికలు."

ఇది వదిన తర్వాత చెబితే విన్నది కాదు, నేను స్వయంగా చూశాను. ఆ పూట గాలి కోసం పైకి పాక్కుంటూ వచ్చి మెట్ల దగ్గర కూలబడి ఉన్నాను. వదిన ఒక క్షణం ఆ ముసలాయన్ని చూసింది. తర్వాత నుదుటి కుంకుమ తడుముకుంది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. నవ్వు ఆపుకోలేక కుంటుకుంటూ వంటగది గుమ్మం దాకా వెళ్లి, ముంత దించి, అందరి ముందూ మూట ముడి విప్పింది.

"ఇటు సూడండి. ఇసక. యారాడ ఇసక. మోకాళ్లకి కాపడం. మా ఆయన సుబ్బరంగున్నాడు, ఈపాటికి పోర్టు కేంటీన్లో టీ తాగుతుంటాడు!"

వంటాయన తల పట్టుకున్నాడు. "ముందే చెప్పొచ్చు కదమ్మా. పొద్దున్నుంచీ ఆ ముంత తలుచుకుని దణ్ణాలు పెట్టుకుంటున్నానండి."

"నా మోకాళ్లకి పెట్టినావనుకో. ఇప్పుడు ఏడి చెయ్యి."

ముసలాయన కూడా ఊరుకోలేదు. "అయితే ఆ పెట్టె మీద మా సోటు మాకిచ్చీ తల్లీ. సగం రోజు నించుని కాళ్లు పీకుతన్నాయి."

"రా తాతా, కూకో. నీక్కూడా కాపడమెడతాను."

మర్నాడు వంటగది గుమ్మంలో వరస కట్టారు. మోకాళ్ల నొప్పులవాళ్లు, నడుము నొప్పులవాళ్లు, కూలికి వెళ్తున్న ఒకామె భుజం పట్టుకుని. ఇసక అంతా ఒకటే మూట. వంటాయన గోధుమ రవ్వ ఇచ్చి ఇంకో రెండు మూటలు కట్టించాడు. వదిన పెట్టె మీద కూర్చుని ఎక్కడ ఎంతసేపు పెట్టాలో చెబుతోంది. వాళ్ల నవ్వులు కింద నా బెర్త్ దాకా వినబడుతున్నాయి. పత్రిక వాడు ఒకడు ఓడలో ఉన్నాడని ఎవరికీ గుర్తున్నట్టు లేదు.

ఆ ప్రయాణం మీద నా వ్యాసం పత్రికలో వచ్చింది. బాగుందని ఆఫీసులో అన్నారు. మా వీధిలో మాత్రం ఓడ ఎక్కబోయేవాళ్లు ఎవరూ నా దగ్గరకు రాలేదు. మా వదిన దగ్గరకే వెళ్లారు. పెద్దవాళ్లని తీసుకెళ్లేవాళ్లు, పక్షవాతం వచ్చినవాళ్ల బంధువులు, కాలు విరిగి అతికినవాళ్లు. ఆమె వాళ్లకు సముద్రం గురించి ఒక్క ముక్క చెప్పేది కాదు. ఏ ఎత్తు పెట్టె మీద కూర్చోవాలో, మాత్రలు ఎక్కడ కట్టుకోవాలో చెప్పేది. "రోజుకి ఒక్కటే సూడండి. అన్నీ సూద్దామంటే ఏదీ సూడనేరు" అనేది. నేను పక్కనే కూర్చుని వినేవాణ్ని. ఎవరైనా మర్యాదకి నా వైపు తిరిగి మీరూ వెళ్లారు కదండీ అంటే, ఆమె నవ్వేది. "మా మరిది బెర్తు సూసినాడు" అనేది.

ఓడ దిగడం గురించి మాత్రం ఎవరడిగినా మాట మార్చేది. ఉక్కునగరంలో ఆ రోజు మాట్లాడిన అంతమందిలో ఒక్కరికీ ఆ సంగతి తెలియదు. అది చూసినవాణ్ని ఆ ఇంట్లో నేనొక్కణ్నే. కాబట్టి అది నేను చెప్పాలి.

చివరి రోజు పొద్దున్న సముద్రం నెమ్మదించింది. వదిన బెర్త్ దగ్గరకు వెళ్లాను. కూర్చుని ఉంది. కాపడం అయ్యింది, మాత్ర వేసుకుంది. అయినా తువ్వాలు పట్టుకోవడానికి వేళ్లు ముడుచుకోవడం లేదు. కాపడం తప్పిన రోజు నొప్పి వదలనేలేదు. మోకాళ్లు రెండూ చీర కిందనుంచి కూడా ఉబ్బి కనబడుతున్నాయి. నా భుజం పట్టుకుని లేచి, కష్టం మీద డెక్కు దాకా నడిచింది. అప్పటికే ఎదురుగా పచ్చటి కొండలు, రేవు, రేవు మీద జనం. ఓడ పక్కన నిచ్చెన దించారు. విశాఖలో ఎక్కిన దానికంటే నిటారుగా ఉంది.

ఓడ మనిషి ఒకడు వచ్చి, కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరు దింపుతారన్నాడు. వదిన అక్కర్లేదంది. అతను వెళ్లాక నేను దగ్గరగా వంగాను.

"దింపించుకో వదినా. అన్నయ్యకి నేను చెప్పను."

ఆమె నన్ను చూసింది. "సెప్పవని నాకు తెలుసు. అందుకే వద్దు. నాను ఉండడం నీ సేతిలో ఉండకూడదు. నువ్వు ముందు దిగు."

దిగాను. సరిగ్గా చెప్పాలంటే దింపారు. మూడు రోజులు తిండి లేని నేను మొదటి మెట్టు మీదే కమ్మీకి అతుక్కుపోయాను. ఇద్దరు ఖలాసీలు చెరో రెక్కా పట్టుకుని రేవు మీద నిలబెట్టి వెళ్లారు. నేల కూడా ఊగుతోంది. నిండు గర్భిణి ఒకామె జనంలోంచి నా దగ్గరకొచ్చింది. పెళ్లిలో చూసిన ముఖం. వదిన చెల్లెలు.

"బావగారూ, మిమ్మల్నే ఎత్తుకుని దించినారేటి! మా అప్పేదీ?"

పైకి చూపించాను. వదిన నిచ్చెన మొదట్లో నిలబడి ఉంది. ఒక చేయి కమ్మీ మీద వేసింది. వేళ్లు కమ్మీని చుట్టుకోవడం లేదు. ఒక కాలు కిందికి చాపి, వెనక్కి తీసుకుంది. ఆమె వెనక ప్రయాణికులు ట్రంకు పెట్టెలతో, మూటలతో ఆగిపోయారు. అన్నయ్యకి ఇవ్వాల్సిన టెలిగ్రాం నా మనసులో అప్పటికే తయారవుతోంది. అదే ఓడలో వస్తున్నాం అని.

అప్పుడు వదిన చెప్పులు విప్పి వెనకామెకు ఇచ్చింది. కుచ్చెళ్లు మోకాళ్ల మధ్యకు లాక్కుంది. మొదటి మెట్టు మీద కూర్చుంది.

అరచేతులు పక్కన ఆనించి కింది మెట్టుకి జారింది. ఆగింది. మళ్లీ జారింది. పసిపిల్లలు గుమ్మం దిగినట్టు. రేవు మీద ఎవరో నవ్వారు. ఆమె అటు చూసి తను కూడా నవ్వి ఇంకో మెట్టు దిగింది. నొప్పి ఎక్కువైనప్పుడు ఆమె లోపలి బుగ్గ కొరుకుతుంది. అది నాకు తెలుసు. ప్రతి మెట్టుకీ కొరికింది. సగం దిగాక ఆగి, చుట్టూ చూసింది. నీళ్లని, కొండల్ని, తెల్లటి పడవ ఒకదాన్ని. తాపీగా చూసింది. నన్ను ఇద్దరు మోసుకొచ్చి దింపుతున్నప్పుడు నలుగురూ చూస్తున్నారని సిగ్గుతో నేను తల ఎత్తలేదు. ఆ కొండలు నాకు కనబడనే లేదు. అంతమంది ముందు అలా కూర్చుని దిగడానికి ఏం ఉండాలో అది నాలో లేదు. ఆమెలో ఉంది. ఆ నొప్పులన్నీ నాకిచ్చినా సరే, అది కూడా ఇస్తారా అని అడగాలనిపించింది.

ఆఖరి మెట్టుకి చేరింది. అక్కడ నుంచి రేవు నేల మీదకి లేచి అడుగు వెయ్యాలి. లేవలేకపోయింది. ఖలాసీ ఒకడు చేతులు చాపి వంగాడు. వద్దన్నట్టు తల ఊపింది. నేను ముందుకు వెళ్లాను.

"ఆగు మరిదీ."

ఆగాను. చెల్లెలు నన్ను దాటుకుని వెళ్లింది. ఆమె చెయ్యి ఇవ్వలేదు. మా అన్నయ్య పెట్టిన షరతు ఆమెకు తెలియదు, ఎవరూ చెప్పలేదు. ఒక చేయి పొట్ట కింద పెట్టుకుని, ఇంకో చేత్తో కమ్మీ పట్టుకుని, మెల్లగా వెనక్కి తిరిగి, ఆ ఆఖరి మెట్టు మీద అక్క పక్కన కూర్చుంది.

"ఏటే, ఇలగ సిక్కిపోనావు?" అంది వదిన.

"నువ్వేటి అప్పా, సంటిగుంటలాగ కూకుని దిగుతన్నావు?"

"ఇలగయితే నొప్పి తక్కువే."

"నాను కూకుండిపోనాను గానీ లెగడం నా వల్ల గాదు."

"నాకు తొందరేటి నేదు."

పైన నిచ్చెన పొడుగునా జనం నిలబడిపోయారు. నెత్తిన ట్రంకు పెట్టెలు, చంకన పిల్లలు. దారి ఇమ్మని ఒక్కరూ అనలేదు. శ్రీకాకుళం ముసలాయన మూట దించి తన మెట్టు మీద తను కూడా కూర్చున్నాడు. ఆయన్ని చూసి వెనకామె కూర్చుంది. ఓడ నుంచి రేవు దాకా అందరూ ఒకరి వెనక ఒకరు మెట్ల మీద కూర్చున్నారు. కింద అక్కాచెల్లెళ్లు భుజాలు ఆనించుకుని, ఇంట్లో అరుగు మీద ఉన్నట్టు మాట్లాడుకుంటున్నారు. ఏం మాట్లాడుకున్నారో నాకు వినబడలేదు. టెలిగ్రాం మాత్రం మనసులో మారింది. వదిన దిగింది, ఎవరూ ఎత్తలేదు, ఉంటుంది.

నేను రెండు సంచులు పట్టుకుని వాళ్లకు ఎదురుగా ఊగే నేల మీద నిలబడ్డాను. మెట్టు ఇరుకు. నాకు చోటు లేదు.